పాత రిస్క్ ప్రోగ్రాముని గ్రిడ్ ఎక్కిస్తే ఏమవుతుంది?

[తెర మీద: గుంటూరు. షెడ్డులో మిరపకాయల రాశి, చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు]

తొడిమలు తీసే చోట ఎవరి కుప్ప వాళ్ళదే. పక్కావిడ కాయతో మనకి పనిలేదు. పదిమంది చోట ఇరవైమంది కూర్చుంటే పని సగం పొద్దుకే తెమిలిపోతుంది. గ్రిడ్ కంప్యూటింగ్ కూడా ఇంతే. రాత్రి ఆఫీసులో ఖాళీగా పడున్న కంప్యూటర్లని కలిపి, ఒక పెద్ద లెక్కని కుప్పలు కుప్పలుగా పంచుతాం. గ్రహాంతరవాసుల సంకేతాల కోసం వెతికే సెటి ఎట్ హోమ్ అనే ప్రాజెక్టు ఇళ్ళల్లోని కంప్యూటర్లతో 1999లోనే ఈ పని చేసింది.

బ్యాంకుల్లో ఎంత నష్టం రావచ్చో అంచనా వేసేదే రిస్క్ ప్రోగ్రాము. అందులో గ్రిడ్‌కి తగిన లెక్క మాంటే కార్లో. రేపు వడ్డీ రేట్లు, డాలరు, షేర్లు ఎలా ఉండొచ్చో లక్ష రకాలుగా ఊహించి, ఒక్కోదానికి లాభమా నష్టమా అని చూడటం. అంచనాలో తేడా సగానికి తగ్గాలంటే నాలుగు రెట్లు లెక్క వేయాలి. అందుకే ఇన్ని మెషీన్లు.

[తెర మీద: పాత కోడు. ఒక్క లైను పెద్దదిగా]

ఇదిగో, ఈ లైను చూడండి. మధ్యలో వచ్చిన అంకెల్ని 'టెంప్' అనే ఫైల్లో రాస్తోంది. ఇది రాసినాయన తప్పేం లేదు, అప్పట్లో ఉన్నది ఒక్క మెషీనే. ఇప్పుడు అందరికీ ఒకటే షేర్డ్ ఫోల్డరు. నలభై మెషీన్లు ఒకే ఫైలు మీద పడితే, ఒకడి అంకెల మీద ఇంకొకడు రాసేస్తాడు. ఎర్రర్ రాకపోవచ్చు. జవాబు మాత్రం తప్పు. ఫైలు పేరుకి జాబ్ నంబరు, అంటే ఒక్కో కుప్ప లెక్కకి ఇచ్చే నంబరు, తగిలిస్తే సరిపోతుంది, కానీ ఇలాంటి చోట్లన్నీ వెతికి పట్టుకోవడానికే నెలలు పడతాయి.

నేను బోల్తా పడ్డది ఇంకోచోట. మాంటే కార్లో ఊహలకి వాడే ర్యాండమ్ నంబర్లకి సీడ్ ఉంటుంది, అంటే ఆ వరస మొదలయ్యే అంకె. సీడ్ ఒకటే అయితే వరసా ఒకటే. పాత కోడులో అది ఫిక్స్ చేసి ఉంది. విత్తనం సంగతి గుంటూరు వాళ్ళకి నేను చెప్పాలా! అదే సీడు అన్ని మెషీన్లకీ వెళ్ళింది. వంద మెషీన్లు రాత్రంతా తిరిగి, వందా ఒకే లెక్క చేశాయి. జవాబులు అంత చక్కగా కలుస్తున్నాయేంటని నేను మురిసిపోయాను కూడా. ఒకే పొడవాటి నంబర్ల వరసని ఒకదాని మీద ఒకటి పడకుండా తెగ్గోసి, మెషీనుకో ముక్క ఇవ్వాలి.

[తెర మీద: కాటా ముందు బస్తాల వరస]

తొడిమలు ఎంతమంది తీసినా కాటా ఒక్కటే. ప్రోగ్రాములో పదో వంతు ఇలా వరసలో నిలబడాల్సిందే అయితే, వెయ్యి మెషీన్లు పెట్టినా పది రెట్లకి మించి వేగం రాదు. 1967లో కంప్యూటర్ ఇంజనీరు జీన్ ఆమ్‌డాల్ చూపించిన లెక్క ఇది. కాబట్టి మెషీన్లు కొనేముందు మీ ప్రోగ్రాములో కాటా ఎక్కడుందో చూడండి. చాలాసార్లు అది డేటాబేసే.

ఇంకొకటి. దశాంశాలని కూడే వరస మారితే కంప్యూటర్లో చివరి అంకెలు మారతాయి. ఏ మెషీను ముందు ముగిస్తే దాన్ని ముందు కూడితే, నిన్నటి మొత్తం ఇవాళ రాదు. ఆడిటర్ ఊరుకుంటాడా? ఎవరు ముందొచ్చినా సరే, జాబ్ నంబరు వరసలోనే కూడండి. పాత, కొత్త రిపోర్టులు పక్కపక్కన పెట్టి, టాలీ అయ్యేదాకా పాత మెషీను ప్లగ్గు పీకకండి.