క్షయ టీకా కోసం దేశాల పొత్తు

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, సభకు విచ్చేసిన మీ అందరికీ నమస్కారం.

ప్రపంచమంతటా నేటికీ వాడుకలో ఉన్న క్షయ టీకా బీసీజీ ఒక్కటే. ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, పశువులకు క్షయ తెచ్చే బ్యాక్టీరియాను పిత్తరసమూ గ్లిజరినూ పట్టించిన బంగాళాదుంప ముక్కల మీద పెంచుతూ, సుమారు మూడు వారాలకొకసారి కొత్త ముక్క మీదికి మారుస్తూ, 13 ఏళ్లలో 230 సార్లు అలా మార్చి దాని ఉగ్రతను పోగొట్టారు. 1921లో పారిస్‌లో ఒక పసికందుకు ఆ టీకాను తొలిసారి ఇచ్చారు. మెదడు పొరలకు సోకే క్షయ నుంచి, ఒళ్లంతా పాకే క్షయ నుంచి అది చిన్నపిల్లలను ఇప్పటికీ కాపాడుతోంది. అయితే పెద్దల ఊపిరితిత్తులకు పట్టి, దగ్గుతో ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకునే క్షయను మాత్రం నమ్మకంగా ఆపలేకపోతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో 1 కోటీ 8 లక్షల మంది ఈ జబ్బున పడ్డారు, 12 లక్షల 50 వేల మంది చనిపోయారు.

దేశాల మధ్య పొత్తు ఎలా ఉండకూడదో కూడా బీసీజీ చరిత్రే చెబుతుంది. పారిస్ నుంచి అనేక దేశాల ప్రయోగశాలలకు ఆ బ్యాక్టీరియా విత్తనాన్ని ఉదారంగా పంచారు, కానీ దాన్ని అందరూ ఒకే పద్ధతిలో కాపాడుకోవాలన్న కట్టుబాటు తొలినాళ్లలో లేదు. ఎవరి ప్రయోగశాలలో వారు దశాబ్దాల పాటు పెంచుకుంటూ పోవడంతో, ఆ బ్యాక్టీరియా ఒక్కొక్కచోట ఒక్కోలా మారిపోయింది. డెన్మార్క్ రకం, టోక్యో రకం, రష్యా రకం అని ఈనాడు మనం వేరుచేసి చెప్పుకునేవన్నీ ఆ తల్లి విత్తనం సంతానమే. వాటి జన్యువుల్లోని తేడాలు ఆ తర్వాత స్పష్టంగా బయటపడ్డాయి.

అంతకంటే పెద్ద పాఠం రెండు పరీక్షలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. బ్రిటన్‌లో 1950లో బడిపిల్లల మీద మొదలైన పరీక్షలో బీసీజీ క్షయను నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గించింది. దక్షిణ భారతంలోని చెంగల్పట్టు ప్రాంతంలో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య విభాగం కలిసి 1968లో మొదలుపెట్టిన పరీక్షలో రెండున్నర లక్షల మందికి పైగా పాల్గొన్నారు. అక్కడ పెద్దల ఊపిరితిత్తుల క్షయ మీద టీకా ప్రభావం ఏమీ కనిపించలేదు. నేలలో, నీటిలో సహజంగా ఉండే క్షయ జాతి బ్యాక్టీరియాలు ఉష్ణ ప్రాంతాల ప్రజల రోగనిరోధక వ్యవస్థకు ముందే పరిచయమై ఉండటం ఇందుకు ప్రధాన కారణాల్లో ఒకటని చాలామంది శాస్త్రజ్ఞులు భావిస్తారు. కారణం ఏదైనా, ఒక దేశంలో పనిచేసిన క్షయ టీకా మరో దేశంలో పనిచేస్తుందని ముందుగా చెప్పలేమని మాత్రం తేలిపోయింది. ఏ ప్రయోగశాల ఎంత గొప్పదైనా ఈ పనిని ఒంటిచేత్తో పూర్తి చేయలేకపోవడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే.

పరీక్ష ఎంత కష్టమో ఒక ఉదాహరణ చెబుతాను. ఎం72 అనే టీకాను దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియా దేశాల్లో క్రిమి ఒంట్లో దాగి ఉన్నా జబ్బు పైకి రాని దాదాపు 3,500 మంది పెద్దల మీద పరీక్షించారు. సగం మందికి నెల వ్యవధిలో రెండు సూదులతో టీకా వేశారు, మిగతా సగం మందికి మందులేని సూది వేశారు. ఆ తర్వాత మూడేళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. దగ్గు తగ్గకపోయినా, బరువు తగ్గినా, రాత్రిళ్లు చెమటలు పట్టినా పిలిపించి, చిన్న డబ్బాలో గళ్ల తీయించి, అందులో క్రిమి ఉందో లేదో నిర్ధారించారు. చివరికి లెక్కకు వచ్చిన రోగులు టీకా పడినవారిలో 13 మంది, పడనివారిలో 26 మంది. రక్షణ సుమారు 50 శాతం అన్న మాటకు మొత్తం ఆధారం ఈ 39 మందే! క్షయ నెమ్మదిగా బయటపడే జబ్బు కావడం వల్ల, రోగం ఎక్కువగా ఉన్న అనేక చోట్ల వేలమందిని ఏళ్ల తరబడి గమనిస్తే తప్ప ఇలాంటి లెక్క తేలదు. రక్తంలో ఫలానా గుర్తు కనిపిస్తే రక్షణ ఉన్నట్టేనని చెప్పగల పరీక్ష మన చేతిలో ఇంకా లేదు. జంతువుల్లో ఆశ కల్పించిన, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మరో క్షయ టీకా, దక్షిణాఫ్రికాలో 2,797 మంది పసిపిల్లల మీద జరిపిన పరీక్షలో బీసీజీకి మించిన రక్షణ ఇవ్వలేదని 2013లో తేలింది. ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించినవారికి మనం రుణపడి ఉన్నాం.

ఎం72 టీకానే విప్పి చూస్తే ఎన్ని చేతులు కలిశాయో కనిపిస్తుంది. అందులో క్షయ క్రిమికి చెందిన రెండు ప్రోటీన్ల కలయిక ఉంటుంది. దానికి బలం చేకూర్చే సహాయక ద్రవ్యంలోని ఒక భాగం చిలీ దేశపు క్విల్లాయా చెట్టు బెరడు నుంచి వస్తుంది. కుంకుడుకాయకు నురగనిచ్చే సాపోనిన్ల కోవకు చెందినదే అది. ప్రోటీన్ హక్కులను ఔషధ తయారీ సంస్థ జీఎస్‌కే 2020లో గేట్స్ వైద్య పరిశోధన సంస్థకు అప్పగించినా, సహాయక ద్రవ్యాన్ని మాత్రం తానే తయారుచేసి ఇస్తోంది. స్పెయిన్‌లోని సరగోసా విశ్వవిద్యాలయంలో పుట్టిన ఎంటీబీవ్యాక్ దారి వేరు. అది మనిషి నుంచి తీసిన క్షయ క్రిమిలోనే రెండు జన్యువులను తొలగించి చేసిన సజీవ టీకా. దాన్ని దక్షిణాఫ్రికా, మడగాస్కర్, సెనెగల్‌లలో నవజాత శిశువుల మీద, భారత్ బయోటెక్ భాగస్వామ్యంతో భారతదేశంలో పెద్దల మీద పరీక్షిస్తున్నారు.

ఇక నన్ను బాధించే విషయానికి వస్తాను. ఎం72 తొలి ఫలితాలు 2018లోనే వెలువడ్డాయి. మూడో దశ పరీక్ష మొదలైంది 2024 మార్చిలో. ఆ రెండింటి నడుమ క్షయతో చనిపోయినవారు 60 లక్షలకు మించి ఉన్నారు. శాస్త్రానికి అంత సమయం అవసరం లేదని కోవిడ్ కాలంలో మనం కళ్లారా చూశాం. ఖర్చెవరు పెట్టాలి, లాభం రాని టీకాను ఎవరు తయారుచేయాలి అన్న ప్రశ్నల దగ్గర ఆగిపోయాం. చివరికి గేట్స్ ఫౌండేషన్, వెల్‌కమ్ సంస్థలు కలిసి సుమారు 55 కోట్ల డాలర్లకు హామీ ఇవ్వడంతో పని కదిలింది. రెండు దాతృత్వ సంస్థలు ముందుకు రాకపోతే కదలని స్థితిలో ప్రభుత్వాలు ఉండటం నాకు సమ్మతం కాదు.

ఇదే తప్పు రెండోసారి జరిగే ప్రమాదం ఇప్పుడు మన ముందుంది. పరీక్ష విజయవంతమైనా, ఏటా కోట్ల డోసులు చేయగల కర్మాగారాలు రాత్రికి రాత్రి లేవవు; సహాయక ద్రవ్యాన్ని ఒక్క సంస్థే ఇస్తున్నంతకాలం సరఫరా అక్కడే ఇరుక్కుపోతుంది. అందువల్ల ఏ దేశానికి ఎన్ని డోసులు, ఏ ధరకు, ఆ తయారీ విద్యను ఎవరికి నేర్పాలి అన్న ఒప్పందాలు ఫలితం వచ్చాక కాదు, ఇప్పుడే రాసుకోవాలి. ఒప్పందంలో పరీక్షా కేంద్రాల వాటా కూడా ఉండాలి. తీసిన రక్తంలోని కణాలను కొన్ని గంటల్లో వేరుచేసి ద్రవ నత్రజనిలో భద్రపరచగల ప్రయోగశాలలు ఆ దేశాల్లోనే ఉండాలి, వాటిని విశ్లేషించే శాస్త్రవేత్తలూ అక్కడివారే కావాలి. నమూనాలు మాత్రమే ఇచ్చి జవాబుల కోసం ఎదురుచూసే దేశాన్ని భాగస్వామి అనలేం.

దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియా, మలావీ, ఇండోనేషియా దేశాల్లో జరుగుతున్న ఈ మూడో దశ పరీక్షకు 20,000 మంది వరకు లక్ష్యంగా పెట్టుకున్నారు. వారిలో దాదాపు సగం మందికి పడేది మందులేని సూదే. తమకు పడింది ఏదో తెలియకుండానే వారు పిలిచినప్పుడల్లా వచ్చి రక్తమిస్తారు, గళ్ల ఇస్తారు. టీకా పనిచేస్తుందని తేలిన రోజున, ఎవరికి ముందు అన్న జాబితా ఎవరు రాసినా సరే, అందులో మొదటి పేర్లు ఆ సగం మందివి కావాలని నేను కోరుతున్నాను.