2023లో విశాఖ పోగొట్టుకున్న అతి పెద్ద మనిషి సినిమా మనిషి కాదు!

నమస్కారం. ఈ వారం టీవీ పెడితే చాలు, 2023లో మనల్ని విడిచి వెళ్లిన ప్రముఖులకు నివాళి. కె. విశ్వనాథ్ గారు, ఆయన పోయిన రెండు రోజులకే వాణీ జయరామ్ గారు, జమున గారు, గద్దర్, చంద్రమోహన్ గారు, మన ఆమదాలవలస శరత్‌బాబు గారు. అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కానీ నాకు కడుపు మండిపోతోంది. నేను చూసిన ఏ కార్యక్రమంలోనూ గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి ఫోటో లేదు!

కల్యంపూడి రాధాకృష్ణారావు. 2023లో విశాఖ పోగొట్టుకున్నవాళ్లలో ఆయనే అందరికంటే పెద్దవాడు. ఎవరేమన్నా సరే, ఈ మాట వెనక్కి తీసుకోను.

ఆయన పుట్టింది కర్ణాటకలోని హడగలి, కన్నుమూసింది అమెరికా, మనకేం సంబంధం అంటున్నారు కొందరు. అయ్యా, ఆయన చదివింది మన ఏవీఎన్ కళాశాలలో. గణితంలో ప్రథమ స్థానం తెచ్చుకున్నది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, సి.ఆర్. రెడ్డి గారు ఉపకులపతిగా ఉన్న రోజుల్లో. ఇద్దరి పేర్లూ కలిపేసి, స్నాతకోత్సవ మందిరానికి పెట్టింది ఈయన పేరే అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. కాదు, అది రెడ్డి గారి పేరు. ఈయన రావు గారు. చిన్నప్పుడు వాళ్లమ్మ లక్ష్మీకాంతమ్మ గారు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి నిద్రలేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారట. ఆ సంగతి ఆయనే ఒక పుస్తకాన్ని అమ్మకు అంకితమిస్తూ రాసుకున్నారు.

ఆయన చేసిన పని చెప్తాను, వినండి. కలకత్తాలో పాఠం చెప్తున్నారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు. అంచనాల కచ్చితత్వం గురించి ఇంగ్లండు గణాంకవేత్త ఫిషర్ చెప్పిన ఒక ఫలితం నమూనాలు లెక్కలేనన్ని ఉన్నప్పుడే వర్తిస్తుంది. కొద్ది నమూనాలే ఉంటే ఏమవుతుందని దండేకర్ అనే విద్యార్థి అడిగాడు. రావు గారు ఇంటికెళ్లి రాత్రంతా కూర్చుని, మర్నాటికి నిరూపణతో తరగతికి వచ్చారు! 1945లో అచ్చయింది. దాన్నే ప్రపంచం, స్వీడన్ గణితవేత్త క్రామెర్ పేరు కూడా కలిపి, క్రామెర్-రావు హద్దు అంటోంది. చేతిలో ఉన్న సమాచారం ఇంతే అయినప్పుడు, పక్షపాతం లేని అంచనా, అంటే సగటున అసలు విలువ దగ్గరే నిలిచే అంచనా, ఎంత తెలివిగా వేసినా, అందులో చెదురుబాటు ఇంతకంటే తగ్గదని చెప్పే గీత అది. నౌకాదళం ఉన్న ఊరు మనది. రాడార్ సంకేతాన్ని బట్టి దూరం లెక్కకట్టే ఇంజనీరు తన పద్ధతి ఎంత మెరుగైనదో ఆ గీత పక్కన పెట్టే చూసుకుంటాడు. ఆ పనికే, 78 ఏళ్ల తర్వాత, గణాంకశాస్త్రంలో నోబెల్‌తో పోల్చే అంతర్జాతీయ బహుమతి 2023లోనే ఆయనకు వచ్చింది.

మరి ఎందుకు మరిచిపోయారు? నా సిద్ధాంతం ఒకటే. మన దగ్గర నివాళి నిడివిని మనిషి గొప్పతనం నిర్ణయించదు, ఛానల్ వాళ్ల దగ్గరున్న పాత దృశ్యాలు నిర్ణయిస్తాయి. పాట ఉంటే పది నిమిషాలు. సెప్టెంబరులో పోయిన ఎం.ఎస్. స్వామినాథన్ గారికి రెండు నిమిషాలైనా దక్కాయంటే, పొలంలో నిలబడ్డ దృశ్యాలు దొరకబట్టే. కాగితం మీద లెక్క చేసుకునే మనిషికి ఏం చూపిస్తారు? అందుకని అసలు చూపించనే లేదు.

ఆగస్టు 22న ఆయన పోయారు, 102 ఏళ్ల వయసులో. మర్నాడు సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. ఆ రోజు దేశమంతా ఆకాశం వైపే చూసింది, అందులో తప్పులేదు, నేనూ చూశాను. ఆ తర్వాత నాలుగు నెలలు గడిచాయి కదా! అప్పుడైనా గుర్తు రావద్దా? హైదరాబాద్‌లో ఆయన పేరున రోడ్డు ఉంది, గణిత పరిశోధన సంస్థ ఉంది. చదువు చెప్పిన ఊరు మనది. మనకు రోషం ఉండాలా, వద్దా?

దృశ్యాలు లేవంటున్నారు కదా, మనమే తీద్దాం. సెప్టెంబరు 10 ఆయన పుట్టినరోజు. విశాఖలో గణితం, గణాంకశాస్త్రం చెప్పే మాస్టార్లందరినీ అడుగుతున్నాను. వచ్చే సెప్టెంబరు 10న ఆ నిరూపణను బోర్డు మీద మొదటి నుంచి చివరిదాకా రాసి పిల్లలకు చెప్పండి. ఎవరో ఒక విద్యార్థి చేత ఫోనులో తీయించి నాకు పంపండి. ఒక్క నిమిషం కూడా కత్తిరించకుండా ఈ ఛానల్‌లో వేస్తాను.