మేడారం డాక్యుమెంటరీకి నాలుగు బుధవారాలు

[దృశ్యం: పై నుంచి తీసిన జనసందోహం. మూడు సెకన్లకు మించి ఉంచవద్దు.]

వ్యాఖ్యానం: సమ్మక్క-సారలమ్మ జాతర జరిగే మేడారం అనగానే కళ్ల ముందుకు వచ్చేది ఇదే. జంపన్నవాగులో స్నానాలు, నిలువెత్తు బంగారమంటూ తూకం వేసే బెల్లం, అమ్మలు కొలువుదీరే గద్దెల దగ్గర తొక్కిడి. వీటిని ప్రతి ఛానలూ చూపిస్తుంది. వీటితోనే సినిమా ముగిస్తే, ఈ జాతరను జరిపించే కోయలు అందులో కనిపించరు.

జాతర నాలుగు రోజులదని మనం లెక్కవేస్తాం. పూజారుల పండుగ మాత్రం నాలుగు బుధవారాల మీదుగా సాగుతుంది. 2024లో జాతర ఫిబ్రవరి 21న మొదలైంది. అంతకు రెండు వారాల ముందు, 7వ తేదీన గుడిమెలిగె. 14న మండమెలిగె. అంతా సద్దుమణిగాక 28న ముగింపు పూజ, తిరుగువారం. మంచి డాక్యుమెంటరీ తీయాలంటే ఈ నాలుగింటికీ అక్కడ ఉండాలి.

[దృశ్యం: మేడారం గుడి. అలుకు చల్లుతున్న చేతులు, ముగ్గు.]

గుడిమెలిగె నాడు మేడారంలో సమ్మక్క గుడినీ, కన్నెపల్లిలో సారలమ్మ గుడినీ శుద్ధి చేస్తారు. ఒకప్పుడివి గడ్డి కప్పిన గుడిసెలు. కప్పు మార్చడమే ఆనాటి పని. తర్వాతి వారం మండమెలిగె నాడు ఊరి పొలిమేరల్లో తోరణాలు కడతారు. అప్పటికింకా జనం పలచగా ఉంటారు, ఎవరూ తొందరలో ఉండరు. మైకు పట్టుకుని పక్కన కూర్చుంటే పెద్దలు తీరిగ్గా మాట్లాడతారు. సినిమాకు కావలసిన మాటలన్నీ దొరికేది ఈ రెండు వారాల్లోనే. జాతర నాడు ఒక పూజారిని ఆపి ప్రశ్న అడగడమంటే ఆయన పనికి అడ్డుపడటమే.

[దృశ్యం: కన్నెపల్లి. దూరం నుంచి, వెనక వైపు నుంచి.]

సారలమ్మ గద్దెకు బయలుదేరేటప్పుడు కన్నెపల్లిలో వరం పడతారు. పిల్లలు కావాలని మొక్కుకున్న వాళ్లు తడిబట్టలతో నేల మీద పడుకుంటే, అమ్మవారిని తెచ్చే పూజారి వాళ్లను దాటుకుంటూ నడుస్తారు. ఇంత బలమైన దృశ్యం జాతరలో మరొకటి లేదు. అయినా ఆ స్త్రీల ముఖాలు చూపకండి. వాళ్లు మొక్కుకున్నది అమ్మకు, మన ప్రేక్షకులకు కాదు. తమ కోరికను రేపు ఊరంతా ఫోనులో చూస్తుందని వాళ్లకు తెలియదు.

చిలకలగుట్ట దగ్గర కూడా అంతే. గురువారం పూజారి పైకి వెళ్లి సమ్మక్కను కుంకుమభరిణె రూపంలో తెస్తారు. పైన జరిగేది బయటివాళ్లు చూడరు. డ్రోన్ పంపాలన్న ఆలోచనే రానీయకండి. గుట్ట కింద నిలబడండి. పోలీసులు గాలిలోకి కాల్పులు జరిపి స్వాగతం పలుకుతారు. ఆ చప్పుడుకు ఎదురుచూస్తున్న జనం ఎలా కదిలిపోతారో తీయండి. అమ్మ వచ్చిందని చెప్పడానికి అది చాలు.

[ధ్వని: డోలు, ఊదే కోయ వాద్యాలైన అక్కుం, తూతకొమ్ము. వేరే సంగీతం వద్దు.]

ఇక కథ ఎవరు చెప్పాలి? చాలా చిత్రాల్లో గంభీరమైన గొంతు ఒకటి కాకతీయులతో యుద్ధం గురించి వినిపిస్తుంది, కింద కత్తులు పట్టిన నటులు పరుగెత్తుతుంటారు. కోయల్లో ఈ చరిత్రను తరతరాలుగా పాడుతున్న డోలీ కళాకారులు ఉన్నారు. వాళ్ల చేతిలో ఇలవేల్పుల బొమ్మలు గీసిన గుడ్డ పటాలు, పడిగెలు ఉంటాయి. మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ భాషలోనూ తెలుగులోనూ ఈ కథ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అటువంటి గొంతు దొరికినప్పుడు మన వ్యాఖ్యానం పక్కకు తప్పుకోవాలి. కోయ పాటను పూర్తిగా వినిపించి, కింద తెలుగు అక్షరాలు వేస్తే సరిపోతుంది.

[దృశ్యం: తిరుగువారం. ఖాళీ అవుతున్న దుకాణాలు, పూజ, ఊరివాళ్లు.]

కూర్పు పూర్తయ్యాక, విడుదలకు ముందే మేడారం, కన్నెపల్లి పెద్దలకు చూపించండి. సమ్మక్క భర్త పగిడిద్దరాజును అడవి దారిలో నడిచి తీసుకొచ్చే పూనుగొండ్ల వాళ్లనూ, సారలమ్మ భర్త గోవిందరాజును తెచ్చే కొండాయి వాళ్లనూ పిలవండి. ఫలానా ముక్క తీసేయమంటే వాదించకుండా తీసేయండి.