క్యాన్సర్ వచ్చిన ఇంటికి ఏం పట్టుకెళ్దాం?

(ప్రపంచ క్యాన్సర్ దినం, ఫిబ్రవరి 4 సందర్భంగా గుంటూరులో ఒక కాలనీ సంఘం సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలకు నమస్కారం.

మన ఊళ్ళో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే పలకరించడానికి వెళ్ళకుండా ఉండం. వట్టి చేతులతో అసలే వెళ్ళం. డజను బత్తాయిలు, ఒక హార్లిక్స్ సీసా, బ్రెడ్ ప్యాకెట్ సంచీలో పడతాయి. ఈ అలవాటు పోకూడదని నా కోరిక. అయితే క్యాన్సర్ వచ్చిన ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ సంచీలో ఏం ఉండాలో కాస్త తెలుసుకుని వెళ్దామని చెప్పడానికే వచ్చాను.

ముందు వైద్యం సంగతి. ఒకప్పుడు మన జిల్లాలో ఈ జబ్బు వస్తే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, మద్రాసు అడయారు క్యాన్సర్ ఆసుపత్రికో పరుగెత్తాల్సిందే. ఇప్పుడు మన పెద్దాసుపత్రి ఆవరణలోనే నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ సెంటర్ ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇవాళ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం కింద పేదవాళ్ళకు ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ జరుగుతున్నాయి.

మందు పేదవాడి దాకా రావడం వెనక పెద్ద కథే ఉంది. కాలేయం, కిడ్నీ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ అనే మందు ఒకప్పుడు నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు. 2012 మార్చిలో ప్రభుత్వం నాట్కో మందుల కంపెనీకి ఆ మందు తయారు చేసుకునే తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటు ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా తయారు చేసుకోవచ్చన్న అనుమతి, ఇచ్చింది. దేశంలో అలాంటి లైసెన్సు అదే మొదటిది. దాంతో ధర నెలకు 8,800 రూపాయలకు దిగింది. ఆ లైసెన్సులో ఒక షరతు చాలామందికి తెలియదు: ఏడాదికి కనీసం 600 మంది పేద రోగులకు మందు ఉచితంగా ఇవ్వాలని అందులో ఉండేది. ఉచిత సాయాన్ని ఎవరి దయకో వదిలేయకుండా కాగితం మీద షరతుగా రాశారు. నాకు అది ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

మందు కోసం ఇంత జరిగింది. అయినా చాలామంది మధ్యలో వైద్యం మానేస్తున్నారు. మందు దొరక్క కాదు, మందు దాకా రాలేక.

రేడియేషన్ సంగతే తీసుకోండి. మిషను కింద పడుకునేది కొద్ది నిమిషాలే. కానీ వారానికి 5 రోజులు రావాలి, చాలామందికి అది 5 నుంచి 7 వారాలు నడుస్తుంది. మాచర్ల నుంచో, వినుకొండ నుంచో, రేపల్లె పక్క పల్లె నుంచో రోజూ వచ్చి వెళ్ళడం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే కష్టం. గుంటూరులోనే ఉండిపోదామంటే గది అద్దె. తోడుగా ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి కూలి పోతుంది. మిరప కోతల రోజుల్లో ఇద్దరి కూలీ పోయిన ఇంటి పరిస్థితి మీకు నేను చెప్పక్కర్లేదు. చికిత్స వైద్య సేవ కార్డు మీద జరుగుతుంది, కానీ ఆ కార్డు బస్సు టికెట్ కొనదు, గది అద్దె కట్టదు, ఇంట్లో పిల్లలకు అన్నం పెట్టదు. మన సాయం అక్కడ కావాలి. "ఏం కావాలమ్మా?" అని మెల్లగా అడిగి చూడండి. మందుల సంగతి ఎత్తరు. "రేపు పొద్దున రావడానికి ఛార్జీలు ఉంటే చాలండీ" అంటారు.

అందుకే నన్నడిగితే ఈ ఊళ్ళో క్యాన్సర్ రోగికి ఇవ్వగలిగిన అన్నిటికన్నా పెద్ద కానుక ఒక గది. ఆసుపత్రికి ఆటోలో పది నిమిషాల దూరంలో, చిన్న వంట గట్టు, శుభ్రమైన బాత్‌రూమ్ ఉన్న గది, రెండు నెలల పాటు. సెయింట్ జూడ్ ఇండియా అనే సంస్థ 2006లో ముంబైలో క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు ఉచిత వసతితో మొదలైంది, ఇప్పుడు హైదరాబాద్‌లోనూ నడుపుతోంది. వాళ్ళు ఒక్కో కుటుంబానికి విడిగా చోటు ఇస్తారు, వంట మాత్రం కుటుంబాలే చేసుకుంటాయి. అంత పెద్ద భవనం మనం కట్టలేకపోవచ్చు. కానీ మన బ్రాడీపేటలో, అరండల్‌పేటలో పిల్లలు అమెరికా వెళ్ళిపోయి పై వాటా తాళం వేసి ఉన్న ఇళ్ళు ఎన్ని లేవు?

ఇంకా పెద్ద వైద్యానికి హైదరాబాద్ పంపిస్తే రైల్వే రాయితీ ఉంది. చికిత్సకు వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఛార్జీ పూర్తిగా మినహాయింపు, తోడు వెళ్ళేవారికి 75 శాతం తగ్గింపు. డాక్టరు రైల్వే ఫారం మీద రాసి ఇవ్వాలి, దాన్ని రిజర్వేషన్ కౌంటర్‌లో చూపించాలి. ముఖ్యమంత్రి సహాయ నిధి, ప్రధానమంత్రి సహాయ నిధి ఉన్నాయి. వీటికి దరఖాస్తు నింపడం, జిరాక్సులు తీయించడం చదువురాని కుటుంబానికి పెద్ద టెన్షన్. కాలేజీ పిల్లలూ, ఇది మీరు చేయగలిగిన పని. పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు సంచీలోకి వద్దాం.

కీమో తీసుకున్నవాళ్ళకు చాలాసార్లు నోట్లో పుళ్ళు వస్తాయి. బత్తాయి రసం తగిలితే భగ్గుమంటుంది. మన గోంగూర, పండుమిర్చి పచ్చడి సంగతి సరేసరి. తిండి వాసనే పడదు కొందరికి. ఆ రోజుల్లో మెత్తటి పెసరపప్పు అన్నం, ఇడ్లీ, బాగా ఉడికించిన గుడ్డు లాంటివి దిగుతాయి. షుగర్ ఉన్నవాళ్ళయితే హార్లిక్స్, స్వీట్లు పట్టుకెళ్ళే ముందు ఇంట్లోవాళ్ళను అడగండి. కీమో అయిన వారం నుంచి రెండో వారం దాకా చాలామందికి తెల్లకణాలు బాగా పడిపోతాయి, చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి రోడ్డు మీద కోసి అమ్మే పళ్ళ ముక్కలు, ఐసు వేసిన జ్యూసులు వద్దు. మీకు జలుబుగా ఉంటే ఆ వారం వెళ్ళకండి, ఫోన్ చేయండి, ఏమీ అనుకోరు. ఎవరో చెప్పారని ఆకు పసరు, కషాయం పొడి మాత్రం పట్టుకెళ్ళకండి. కొన్ని కీమో మందుతో పొసగవు. మీరు ప్రేమతోనే ఇస్తారు, కానీ వాళ్ళు మొహమాటంతో తాగుతారు.

నేనైతే ముందుగా ఒక డిజిటల్ థర్మామీటర్ ఇమ్మంటాను. కీమో మీద ఉన్న మనిషికి జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరిందంటే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి, తెల్లారేదాకా ఆగకూడదు. ఒళ్ళు వెచ్చగా ఉందని చెయ్యి పెట్టి చూసి పారాసిటమాల్ వేసి పడుకోబెట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ చిన్న పరికరం, దాని పక్కన ఒక కాగితం మీద ఆ అంకె పెద్దగా రాసి ఇస్తే చాలు. దాంతో పాటు మెత్తటి టూత్‌బ్రష్, ఒంటికి రాసుకునే వాసన లేని క్రీము, ఫ్లాస్కు.

రొమ్ము ఆపరేషన్ అయిన ఆడవాళ్ళకు చెయ్యి పైకెత్తడం కష్టం. ముందువైపు గుండీలున్న నైటీ కావాలి. కొన్నాళ్ళు ఒంటికి ట్యూబు, దాని చివర చిన్న సీసా వేలాడుతుంటాయి. దాన్ని పెట్టుకోవడానికి మెడలో వేసుకునే గుడ్డ సంచీ ఎంత హాయో, వాడినవాళ్ళను అడిగితే చెప్తారు. మిగిలిపోయిన జాకెట్టు ముక్కలతో పావుగంటలో కుట్టొచ్చు. కీమో మొదలైన రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుంది. తలకు చుట్టుకోవడానికి మంగళగిరి నూలు బట్టంత మెత్తగా ఏదీ ఉండదని నా నమ్మకం. జుట్టు కూడా కానుకే. విగ్గుల కోసం తీసుకునే సంస్థలు మామూలుగా 12 అంగుళాల పొడవు అడుగుతాయి. జడ అల్లి, రెండు చివరలా రబ్బరు వేసి, ఆరిన జుట్టు కత్తిరించి ఇవ్వాలి. ఒక విగ్గుకు ఒక్కరి జుట్టు చాలదు. తలనీలాలు ఇచ్చే అలవాటున్న మనకు ఇది కొత్త కాదు.

ప్లేట్‌లెట్ల గురించి, అంటే రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాల గురించి, యువకులకు ప్రత్యేకంగా చెప్పాలి. రక్త క్యాన్సర్ రోగులకు ఇవి మళ్ళీ మళ్ళీ ఎక్కించాలి. తీసిన ప్లేట్‌లెట్లు 5 రోజులే నిలవుంటాయి, కాబట్టి ముందే దాచిపెట్టుకోవడం కుదరదు. అవసరమైన రోజున మనిషే రావాలి. ఫోన్ చేస్తే వచ్చే ఇరవై మంది ఈ కాలనీలో ఉంటే ఎన్నో కుటుంబాలు బ్లడ్ బ్యాంకు ముందు ఏడవక్కర్లేదు.

పిల్లల విషయం ఒకటి. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు చికిత్స రెండు మూడేళ్ళు సాగుతుంది. బొమ్మలు అందరూ ఇస్తారు. ఆ పిల్లవాడు తన తరగతి కన్నా వెనకబడిపోతాడన్న దిగులు తల్లిదండ్రులకు ఎంత ఉంటుందో! ఇన్ని కాలేజీలున్న గుంటూరులో వారానికి రెండు గంటలు లెక్కలు చెప్పే మాస్టారు దొరకరంటే నేను నమ్మను.

ఇక ఎలా ఇస్తామన్నది. దయచేసి ఫోటోలు వద్దు. బ్యానరు వద్దు. పెళ్ళి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో తల్లికి రొమ్ము క్యాన్సర్ అని బంధువులకు కూడా చెప్పుకోని కుటుంబాలున్నాయి. గుండు మీద కొంగు కప్పుకున్న మనిషిని దుప్పటి పట్టుకుని కెమెరా వైపు చూడమనడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఆ ఫోటో మన వాట్సాప్ గ్రూపులో ఒక్కరోజు ఉంటుంది, వాళ్ళ ఊళ్ళో ఏళ్ళ తరబడి ఉంటుంది. లెక్క కావాలంటే రసీదు రాసుకుందాం. డబ్బు ఇవ్వాలనుకుంటే గదిఅద్దె నేరుగా ఇంటి యజమానికి, పరీక్ష ఖర్చు నేరుగా ల్యాబుకు కట్టేద్దాం.

ఇంకొక్క మాట. మొదటి నెల అందరూ వస్తారు. మూడో నెలకు గుమ్మం దగ్గర చెప్పులు తగ్గిపోతాయి. అసలు డబ్బు అయిపోయేది, ఓపిక అయిపోయేది అప్పుడే. మీరు వెళ్ళేది అప్పుడు వెళ్ళండి.

వెనక బల్ల మీద నోటు పుస్తకం పెట్టాం. గది ఇవ్వగలిగినవాళ్ళు, కుట్టు వచ్చినవాళ్ళు, పాఠం చెప్పగలిగినవాళ్ళు, ప్లేట్‌లెట్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు మీ పేరు, ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు రాసి వెళ్ళండి. రోగుల పేర్లు ఆ పుస్తకంలో ఎక్కడా రాయం. ప్లేట్‌లెట్లకు 18 ఏళ్ళు నిండి, 50 కిలోలకు పైన బరువుంటే రాయొచ్చు, మిగతా పరీక్షలు బ్లడ్ బ్యాంకు వాళ్ళు చేసుకుంటారు.