పక్కపక్క నంబర్లంటే ఆలుమగలేనా?

సభకు నమస్కారం.

మద్రాసులో బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా 1,52,184 మంది అలా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలికి వెళ్లారు. వాళ్లలో మన విశాఖ, గోదావరి జిల్లాల వాళ్లూ ఉన్నారు. వారి మునిమనవలు వంశవృక్షం గీసేటప్పుడు చిక్కుపడేది ఒక మాట దగ్గర: "ముత్తాత, ముత్తవ్వ ఊళ్లోనే పెళ్లాడి ఓడెక్కారు."

ఓడ జాబితా ముందు పెట్టుకోండి. ఒక్కొక్కరికీ ఒక వలస నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు ఉంటాయి. ఒక నంబరులో అప్పన్న, 26 ఏళ్లు. తర్వాతి నంబరులో లక్ష్మి, 20 ఏళ్లు అనుకుందాం. చాలామంది ఇక్కడే పెళ్లి జరిపించేస్తారు. తొందరపడకండి. తండ్రి పేరు ఒకటే అయితే అన్నాచెల్లెళ్లు కావచ్చు. తండ్రులు వేరై, కులం, తాలూకా ఒకటైతే ఆలుమగలన్న మాటకు బలం వస్తుంది. ఊళ్లు వేరన్నంత మాత్రాన కొట్టిపారేయకండి, ఆడపిల్ల పుట్టిల్లు పొరుగూరే కావచ్చు కదా. జిల్లాలే వేరైతే మాత్రం డిపోలో, అంటే ఓడెక్కే ముందు కూలీలను ఉంచే చోట, కుదిరిన జంటేమోనని చూడాలి. 100 మంది మగవాళ్లకు సుమారు 40 మంది ఆడవాళ్లు ఉండాలన్న నియమం వల్ల అలాంటి జంటలూ ఉండేవి. అది తక్కువ పెళ్లేం కాదు. ఊళ్లో జరిగిందని మాత్రం రాయకూడదు.

ఇంటిపేరుతో తేల్చుకుందామంటే కుదరదు. జాబితాలో ఇంటిపేరు సాధారణంగా ఉండదు. అక్కడికి వెళ్లాక తండ్రి పేరో, "నాయుడూ" అన్న మాటో ఇంటిపేరుగా స్థిరపడింది. భార్యాభర్తలిద్దరూ పుట్టుకతోనే నాయుడూలైతే సగోత్రమని బెంగ అక్కర్లేదు.

అక్కడి పెళ్లి రిజిస్టరులోని తేదీ దగ్గరా జాగ్రత్త. 1913 మార్చి 14న దక్షిణాఫ్రికాలోని కేప్ కోర్టులో న్యాయమూర్తి సెర్ల్, బహుభార్యాత్వాన్ని ఒప్పుకునే మతాల ఆచారంతో జరిగిన పెళ్లి చెల్లదన్నారు. 1914 చట్టం వచ్చాక, ఒకే భార్య ఉన్నవాళ్లు తమ పాత పెళ్లిని రిజిస్టరు చేయించుకునే వీలు కలిగింది. కాబట్టి ఆ తేదీ పిల్లలు పుట్టిన తర్వాత పడి ఉండవచ్చు. దాన్ని పెళ్లిరోజు అనుకుని, పెద్దపిల్లలను వేరే తల్లికి కట్టబెట్టేవాళ్లున్నారు. అసలు తల్లికి అన్యాయం చేసినట్టే.

ముడి విప్పేది ఎక్కువగా పిల్లల జనన నమోదు. అందులో తల్లి వలస నంబరు దొరికితే ఓడ జాబితాతో సరిపోల్చండి. లక్ష్మి అన్న పేరు పదిమందికి ఉంటుంది, నంబరు ఒక్కరికే. మరణానంతరం ఆస్తి ఫైలులోని మరణ ప్రకటనలో భార్య పేరు, పిల్లల పేర్లు ఉంటాయి. కింద సంతకం ఎవరిదో తప్పక చూడండి. కొడుకు తన తల్లి పేరు చెబితే విలువ ఎక్కువ, అదే కొడుకు తను పుట్టకముందు జరిగిన పెళ్లి గురించి చెబితే అది విన్నమాటే.

తల్లి నంబరు కుదిరేదాకా వృక్షంలో ఆ జంట మధ్య చుక్కల గీతే గీయండి. దాని కింద ఓడ పేరు, రెండు నంబర్లు, ఇంకా తేలని అంశం రాసి పెట్టండి.