అది కూడా మేము తిన్నట్టేనా?

(గణాంక దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎండలో నడిచి వచ్చి కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ఈరోజు జూన్ 29, ప్రశాంత చంద్ర మహలనోబిస్ పుట్టినరోజు. ఆయన 1893లో పుట్టారు. 2007 నుంచి ఈ రోజును దేశమంతటా గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన గొప్పతనం గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే ఆయన చలవే అన్న ఒక్క మాట మాత్రం నేనూ చెప్పాలి, ఎందుకంటే ఆ సర్వేలో గుమ్మం గుమ్మం తిరిగి వివరాలు రాసుకునే ఉద్యోగమే నాకు అన్నం పెట్టింది.

నాకిచ్చిన అంశం ‘వర్ధమాన దేశ ఆర్థిక వ్యవస్థలో కుటుంబాల, ప్రభుత్వాల వినియోగ వ్యయం’. దీన్ని మూడు భాగాలుగా రాసుకొచ్చాను. కుటుంబాలు పెట్టే ఖర్చు, ప్రభుత్వం పెట్టే ఖర్చు, రెండింటికీ ఉన్న సంబంధం. మొదటి భాగం త్వరగా ముగిస్తాను.

మన జీడీపీని ఖర్చు వైపు నుంచి చూస్తే ప్రతి 100 రూపాయల్లో సుమారు 60 రూపాయలు కుటుంబాల వినియోగం. లెక్కల భాషలో దాన్ని ప్రైవేటు తుది వినియోగ వ్యయం అంటారు. ప్రభుత్వ తుది వినియోగ వ్యయం 10 రూపాయలు, కాస్త అటూ ఇటూగా. మిగిలిందంతా పెట్టుబడులు, సరుకు నిల్వలు, ఎగుమతి దిగుమతుల తేడా. అంటే ఈ దేశంలో కర్మాగారాలు నడిచేది ప్రధానంగా ఇళ్ళలో కొనే సబ్బు, నూనె, చీర, చెప్పుల వల్లే. ఇళ్ళు కొనడం ఆపేస్తే ఏమవుతుందో 2020లో చూశాం. ఆ ఏడాది ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో కుటుంబాల వినియోగం అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 26.7 శాతం పడిపోయిందని తొలి అంచనా వచ్చింది. అదే మూడు నెలల్లో ప్రభుత్వ వినియోగం 16.4 శాతం పెరిగింది. అన్నీ మూతపడిన రోజుల్లో కూడా నర్సులు, పారిశుద్ధ్య కార్మికులు, పోలీసులు పనిచేశారు. ఆ పెరుగుదలలో వాళ్ళ జీతాలూ ఉన్నాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇక కుటుంబాల సంగతి. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వేలో 2,61,953 కుటుంబాలను అడిగారు. ఒక మనిషికి నెలకు గ్రామాల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996 రూపాయలు ఖర్చవుతున్నట్టు తేలింది. 2011-12లో ఇవి 1,430, 2,630. ధరల పెరుగుదల ఇందులో కలిసే ఉంది, కాబట్టి అంతా బాగుపడటమే అనుకోకండి. ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో చెప్పాడు. మన గ్రామాల్లోనూ ఆ వాటా 2011-12లో దాదాపు 53 శాతం ఉండగా 2023-24లో 47 శాతానికి వచ్చింది. తిండి వాటా తగ్గిందంటే ఇల్లు కాస్త తేరుకుందని పుస్తకం అంటుంది. తిండి వాటా తగ్గిన చోటికి ఏ ఖర్చు వచ్చి కూర్చుందో కూడా చూడాలని నేనంటాను.

ఆ రెండు సర్వేల మధ్య ఎన్నేళ్ళు గడిచాయో గమనించారా? మధ్యలో 2017-18లోనూ సర్వే జరిగింది. నాణ్యత సరిగా లేదంటూ 2019 నవంబరులో ప్రభుత్వం దాని ఫలితాలు విడుదల చేయకుండా నిలిపేసింది. మా తోటివాళ్ళు ఎండల్లో, వానల్లో ఏడాదంతా తిరిగి రాసుకొచ్చిన కాగితాలవి. లోపాలుంటే లోపాలతోనే బయటపెట్టి, ఇక్కడ అనుమానం ఉందని పక్కన రాస్తే చదివేవాళ్ళు చదువుకునేవారు. ఇది చెప్పాలని రాలేదు, కానీ ఈ తేదీన ఈ వేదిక మీద చెప్పకుండా ఉండలేను.

సరే. ఈ అంకెలు ఎలా పుడతాయో చెబుతాను. మా చేతిలో ఉండే పత్రాన్ని షెడ్యూలు 1.0 అనేవాళ్ళం. మూడు వందలకు పైగా వస్తువుల పేర్లుంటాయి. బియ్యం, పప్పులు, కిరాయిలు గత 30 రోజులకు. కూరగాయలు, నూనె, గుడ్లు, చేపలు గత 7 రోజులకు. బట్టలు, చెప్పులు, చదువు ఫీజులు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు గత 365 రోజులకు. మనిషికి ఏది ఎంతకాలం గుర్తుంటుందన్నదాన్ని బట్టి చేసిన విభజన ఇది. దీని మీద పెద్ద గొడవలే జరిగాయి. 1999-2000 సర్వేలో తిండి ఖర్చును 7 రోజులకూ 30 రోజులకూ పక్కపక్కనే అడగడంతో, పేదరికం నిజంగా తగ్గిందా లేక ప్రశ్న మారడం వల్ల తగ్గినట్టు కనిపించిందా అని ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

2011-12 విడతలో నేనొక మెట్ట గ్రామానికి వెళ్ళాను. జాబితాలో నాకు పడిన ఇళ్ళలో ఒకటి నలుగురున్న ఇల్లు. ఒక పెద్దావిడ, కొడుకు, కోడలు, ఉయ్యాలలో ఏడు నెలల మనవరాలు. ‘నెలకు బియ్యం ఎంతవుతుంది పెద్దమ్మా?’ అని అడిగితే ఆమె కిలోల్లో చెప్పలేదు. లోపలికి వెళ్ళి సొట్టలుపడిన రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ‘పొద్దున దీనితో ఒకటి, రాత్రికి ఒకటిన్నర’ అంది. నూనె సీసా తెచ్చి, వారం కిందట ఎక్కడిదాకా ఉండేదో వేలితో గీత గీసి చూపించింది. అంత నిజాయితీగా నాకు జవాబు చెప్పినవాళ్ళు తక్కువ. రెండు గంటలు పట్టింది. అన్నీ కూడితే నెలకు 4,000 రూపాయలు. తలకు 1,000. ఆ ఏటి గ్రామీణ సగటు కంటే బాగా తక్కువ.

తర్వాత ఆసుపత్రి గడికి వచ్చాం. కోడలికి అర్ధరాత్రి నొప్పులు మొదలై కాన్పు అడ్డం తిరిగింది. ఊరి చివర ఆరోగ్య కేంద్రానికి కొత్త భవనం ఉంది. నేనూ చూశాను. లేత పసుపు గోడలు, గుమ్మం పక్కన ప్రారంభోత్సవ శిలాఫలకం, తలుపుకు తాళం. నర్సు పోస్టు ఖాళీగా ఉండటంతో పక్క ఊరి నర్సే వారానికి రెండు రోజులు వచ్చి వెళ్ళేది. ఆ రాత్రి ఎవరూ లేరు. పట్నంలోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆపరేషను, మందులు, గది అద్దె కలిపి 48,000 రూపాయలు. రెండు గేదెలను అమ్మారు, మిగతాది వడ్డీకి తెచ్చారు. తల్లీ బిడ్డా దక్కారు.

నేను ఆ 48,000ను గడిలో రాస్తుంటే ఆమె వంగి చూసింది. ‘ఇది కూడా మేము తిన్నట్టే రాసుకుంటావా నాయనా?’ అని అడిగింది.

అవును, అలాగే రాసుకుంటాం. 48,000ను 12 నెలలకు పంచితే నెలకు 4,000. నలుగురికి పంచితే తలకు 1,000. ఆ ఇంటి తలసరి వినియోగం 1,000 నుంచి 2,000కు చేరింది. దేశ గ్రామీణ సగటు 1,430. గేదెలు పోయి, పాలు పోయి, అప్పు మిగిలిన ఆ ఇల్లు నా కాగితం మీద సగటు కంటే పైకి వెళ్ళి కలిగినవాళ్ళ వరుసలో నిలబడింది. నేను రాసింది తప్పు కాదు. నియమావళి ప్రకారం అక్షరం పొల్లుపోకుండా రాశాను. ఆ రాత్రి బస్సులో తిరిగి వస్తూ, ఆమెకు ఏం జవాబు చెప్పి ఉండాల్సింది అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

రెండో భాగం మొదలుపెట్టకుండానే అందులోకి వచ్చేశాను, క్షమించండి. ఇప్పుడు అదే ఊరిని ప్రభుత్వ లెక్క వైపు నుంచి చూడండి. ఆ పసుపు గోడల భవనాన్ని జాతీయ ఆదాయ లెక్కల్లో స్థిర మూలధన కల్పన అంటారు, అంటే పెట్టుబడి. బడ్జెట్‌లో అది మూలధన వ్యయం. ఆ భవనంలో ఉండాల్సిన నర్సు జీతం ప్రభుత్వ వినియోగం. బడ్జెట్‌లో అది రెవెన్యూ వ్యయం, అంటే ఏటా నడుపుకోవడానికయ్యే ఖర్చు. పోస్టు నింపకపోతే రెవెన్యూ వ్యయం మిగులుతుంది, రెవెన్యూ లోటు, అంటే రాబడికి మించిన ఆ ఖర్చు, తగ్గుతుంది, ఆర్థిక క్రమశిక్షణ పాటించారని మెచ్చుకుంటారు. 2003లో తెచ్చిన ఆర్థిక బాధ్యత, బడ్జెట్ నిర్వహణ చట్టం మొదట్లో రెవెన్యూ లోటును సున్నాకు తేవాలనే లక్ష్యం పెట్టింది. కేంద్రం 2018లో ఆ లక్ష్యాన్ని తీసేసింది. కానీ కట్టడానికి పెట్టింది ఉత్పాదకం, మనుషులకు ఇచ్చింది అనుత్పాదకం అనే అలవాటు మాత్రం మనల్ని వదల్లేదు. రెవెన్యూ వ్యయంలో వడ్డీలున్నాయి, సబ్సిడీలున్నాయి. ఇవేవీ ప్రభుత్వ వినియోగం కిందికి రావు. వాటి మీద ఎంతైనా చర్చించండి. కానీ పాఠం చెప్పే పంతులమ్మ జీతాన్నీ, సూది వేసే నర్సమ్మ జీతాన్నీ వాటితో కలిపి ఒకే మూట కట్టి దుబారా అనకండి.

మీలో ఆర్థికశాస్త్రం చదువుతున్నవాళ్ళకు ఒక ప్రశ్న. ఒక ఊళ్ళో ప్రభుత్వ బడి మూతపడింది. పిల్లలంతా ప్రైవేటు బడికి వెళ్ళారు. తల్లిదండ్రులు ఫీజులు కడుతున్నారు. జాతీయ లెక్కల్లో ఏం జరుగుతుంది? చెప్పండి, మొహమాటపడకండి... ఆ అమ్మాయి సరిగ్గా చెప్పింది. ప్రభుత్వ వినియోగం తగ్గుతుంది, కుటుంబాల వినియోగం పెరుగుతుంది. పిల్లలు నేర్చుకునే పాఠం అదే, జీడీపీ కూడా పెద్దగా మారకపోవచ్చు. సర్వేలో మాత్రం ఆ ఊరు మునుపటికంటే ఎక్కువ ఖర్చు పెట్టగలిగిన ఊరుగా కనిపిస్తుంది. ఇంట్లో కూలి డబ్బుల్లోంచి ఏం తగ్గించుకుని ఆ ఫీజు కట్టారో తెలియాలంటే మళ్ళీ ఆ రేకు డబ్బా దగ్గరికే వెళ్ళాలి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయను. జీతం తీసుకుని బడికి రాని టీచరు సంగతేమిటి అని అడుగుతారు. నిజమే. ప్రభుత్వ సేవకు మార్కెట్లో ధర ఉండదు కాబట్టి, దానికైన ఖర్చునే దాని విలువగా లెక్కకడతారు. జీతాలు, కొన్న సామాన్లు, భవనాల అరుగుదల, ఇంతే. టీచరు వచ్చినా రాకపోయినా లెక్కలో ఒకే అంకె. ఈ లోపాన్ని సరిదిద్దే పద్ధతుల మీద బ్రిటన్‌లో ఆర్థికవేత్త ఆంథోనీ అట్కిన్సన్ 2005లో నివేదిక ఇచ్చారు. ఎంతమంది పిల్లలకు పాఠం అందింది, ఎంతమందికి వైద్యం అందింది అన్నదాన్నే కొలవాలన్నది అందులోని ఆలోచన. మనమూ అలా కొలవాలి. హాజరు లేదని తేలితే హాజరు వేయించాలి. దానికి పోస్టు తీసేయడం విరుగుడు కాదు.

మెరుగుపడినదాన్ని మెరుగుపడిందని చెప్పడం కూడా మా వృత్తి ధర్మమే. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2013-14లో దేశం మొత్తం వైద్య వ్యయంలో 64.2 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టుకున్నదే. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. ఈ అంచనాల మీద వాదనలున్నాయి, అయినా దిశ మంచిదే. కానీ 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని జీడీపీలో 2.5 శాతానికి తెస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నాం. 2021-22లో అది 1.84 శాతం. చదువుకు 6 శాతం అన్న మాట 1966లో కొఠారీ కమిషన్ ఇచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం మళ్ళీ అదే 6 శాతం అంది. నేను పుట్టక ముందు నుంచీ ఒకే మాట చెప్పుకుంటూ వస్తున్నాం!

దాదాభాయ్ నౌరోజీ గురించి చెప్పి ముగిద్దామనుకున్నాను, కానీ ఆయన మాట ఇప్పుడే అవసరం. 1870లలో ఆయన భారతీయుడి సగటు వార్షికాదాయాన్ని 20 రూపాయలుగా లెక్కగట్టారు. ఆ అంకె దగ్గరే ఆగి ఉంటే చాలామంది మరిచిపోయేవారు. ఆయన జైళ్ళ నివేదికలు తీసి, ఒక ఖైదీకి తిండికీ బట్టకూ ప్రభుత్వం ఏడాదికి ఎంత ఖర్చు పెడుతుందో చూశారు. అది 20 రూపాయల కంటే ఎక్కువ! నేరం చేసినవాడికి దొరికేపాటి తిండీ బట్టా చెమటోడ్చే రైతుకు లేవని ఆ ఒక్క పోలికతో నిరూపించారు. ఎంత ఖర్చైంది అనే ప్రశ్న పక్కన, బతకడానికి ఎంత కావాలి అనే ప్రశ్న పెట్టారు. నా పెద్దమ్మ అడిగిందీ అలాంటిదే. ఖర్చైన డబ్బంతా అనుభవించిన డబ్బేనా అని అడిగింది.

దానికి లెక్కల్లోనే సగం దారి ఉంది. ఐక్యరాజ్యసమితి 1993లో సవరించిన జాతీయ ఖాతాల పద్ధతిలో వాస్తవ వినియోగం అనే భావన ఉంది. కుటుంబం తన డబ్బుతో కొన్నదానికి ప్రభుత్వం ఆ కుటుంబానికి ఉచితంగా అందించిన చదువు, వైద్యం లాంటివి కలిపి చూడాలంటుంది. మన కొత్త సర్వేలు కూడా ఒక అడుగు ముందుకు వేశాయి. ఉచితంగా వచ్చిన బియ్యానికి, సైకిలుకు, లాప్‌టాప్‌కు, బడి దుస్తులకు విలువ కట్టి వేరే అంచనా ఇస్తున్నాయి. కానీ ఉచిత విద్యకూ ఉచిత వైద్యానికీ విలువ కట్టలేదు. సైకిలుకు ధర ఉంది, ఆ సైకిలు మీద వెళ్ళే బడికి లేదు. ఇది కష్టమైన పని అని నాకు తెలుసు. చేయకపోతే మాత్రం సర్కారు బడిలో బాగా చదువుకున్న పిల్ల ఇల్లు ఎప్పుడూ తక్కువ వినియోగించిన ఇల్లుగానే కనిపిస్తుంది. మిగతా సగం దారి మనం వేసుకోవాలి. అప్పు చేసి కట్టిన ఆసుపత్రి బిల్లును విడదీసి, అది లేకుండా తలసరి ఎంత, దానితో ఎంత అని రెండు అంకెలూ పక్కపక్కన అచ్చువేయాలి. కాగితాల్లో ఆ వివరం ఉంది. పట్టిక ఒకటి చేర్చాలి, అంతే.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. మూడో భాగం ఈ కాగితాల్లోనే ఉండిపోయింది, కావలసినవారికి ఇస్తాను.

విద్యార్థులారా, మీకొక పని అప్పగిస్తున్నాను. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక మీ అమ్మనో నాయనమ్మనో అడగండి. గడిచిన 365 రోజుల్లో వైద్యానికి ఎంతైంది, చదువులకు ఎంతైంది, అందులో అప్పు ఎంత, ఏం అమ్మారు. పేరు రాయొద్దు, ఊరు రాయొద్దు. నాలుగు అంకెలు ఒక చీటీ మీద రాసి తీసుకురండి. అడిగేటప్పుడు తొందరపెట్టకండి. వాళ్ళు డబ్బా తెచ్చి చూపిస్తామంటే చూడండి. రేపు పది గంటలకల్లా మీ గ్రంథాలయంలో ఉంటాను. కూర్చుని అందరం కలిసి కూడదాం.