వైసోలోన్ మింగుతున్నా బిడ్డ ఊపిరితిత్తులకు ఇంజెక్షన్ ఎందుకు?

అందరికీ నమస్తే. లూపస్‌కో (ఒంటిని కాపాడే శక్తే సొంత ఒంటి మీద తిరగబడే జబ్బు) కీళ్లవాతానికో రోజూ వైసోలోన్ అనే స్టెరాయిడ్ గోళీ వేసుకునే ఆమెకు ఏడో నెలల నొప్పులు మొదలైతయి, డాక్టరమ్మ బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ రాస్తది, ఇంట్లోవాళ్లేమో ఆల్రెడీ స్టెరాయిడ్ మింగుతనే ఉంది కదా మళ్లా ఇదెందుకు అంటరు. ఆ డౌట్‌తోని లేట్ చేస్తే నష్టపోయేది బిడ్డనే, అందుకే ఈ వీడియో.

లూపస్ ఉన్నోళ్లకు నెలలు నిండకముందే కాన్పయ్యే ఛాన్స్ ఎక్కువ. బిడ్డ ఊపిరితిత్తులల్ల సన్న సన్న గాలి తిత్తులుంటయి, అవి మూసుకపోకుండా సర్ఫాక్టెంట్ అనే పలుచని పొర పట్టి ఉంచుతది. అది దాదాపు 24 వారాలప్పుడు తయారవుడు మొదలై 34, 35 వారాలకు గానీ సరిపోయేంత రాదు. ముందే పుడితే ప్రతి శ్వాసకు తిత్తులు ముడుచుకుంటనే ఉంటయి, బిడ్డ అలిసిపోతది.

(స్క్రీన్ మీద మాయ బొమ్మ)

ఇగ అసలు సంగతి. వైసోలోన్ అంటే ప్రెడ్నిసొలోన్, మాయల (కడుపుల బిడ్డకు తల్లి నుంచి ఆహారం అందించే భాగం, ప్లాసెంటా) ఉండే ఎంజైమ్ దాన్ని చాలావరకు పనిచేయకుండా చేస్తది, బిడ్డకు చేరేది సుమారు పదో వంతే. తల్లి జబ్బుకు ఆ గోళీ మంచిదే, కానీ బిడ్డ ఊపిరితిత్తులకు సరిపోదు. డాక్టరమ్మ రాసే ఇంజెక్షన్ డెక్సామెథసోన్, అది అట్ల ఆగదు, మాయ దాటి బిడ్డకు పోతది. 6 మిల్లీగ్రాములు, 12 గంటలకొకటి, మొత్తం 4 ఇంజెక్షన్లు. పనిచెయ్యనీకి గంటలు పడ్తది కాబట్టి ఏటూరునాగారం నుంచో భూపాలపల్లి నుంచో వరంగల్‌కు రెఫర్ చేస్తుంటే మొదటి డోసు అక్కడనే ఇస్తరా అని అడగండి, తర్వాత 108 ఎక్కండి.

ఇంకో ముచ్చట, మయస్తీనియా (కండరాలు వీకయ్యే జబ్బు) ఉన్న తల్లికి పుట్టిన బిడ్డల్ల 100కు 10 నుంచి 20 మందికి తల్లి రక్తంల నుంచి వచ్చే యాంటీబాడీల (రోగాలతోని కొట్లాడాల్సినవే ఒంటి మీద తిరగబడ్డవి) వల్ల కండరాలు వీకయితయి, ఏడుపు సన్నగ, పాలు గుంజలేరు, కొందరికి శ్వాస కూడా కష్టమైతది. వారాలల్ల తగ్గిపోతది గానీ మొదటి రోజులు హాస్పిటల్లనే ఉంచాలె, ఇంటికి తీస్కపోతమని తొందర పెట్టకండి దయచేసి.

గర్భం అని తెల్వంగనే సొంతంగా గోళీలు బంద్ చేసేటోళ్లను చూస్తే నాకు భయమైతది. లూపస్‌కు, కీళ్లవాతానికి ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ గోళీ గర్భంల కూడా వేసుకోవచ్చు, ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్రం వేరే, అది ప్లానింగ్‌కు ముందే డాక్టర్‌తోని మాట్లాడి ఆపాల్సింది.

పుట్టినంక బిడ్డ నిమిషానికి 60 కంటే ఎక్కువ సార్లు శ్వాస తీస్కుంటున్నా, డొక్కలెగరేస్తున్నా, మూలుగుతున్నా, పెదాలు నీలంగ మారినా వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపియ్యాలె, ఆవిరి పట్టుడు పసరు పోసుడు వద్దు. చెకప్‌కు పోయినప్పుడు కీళ్ల డాక్టర్ చీటీ గైనిక్ డాక్టర్‌కు, గైనిక్ డాక్టర్ చీటీ కీళ్ల డాక్టర్‌కు తప్పకుండ చూపియ్యండి.